తెలుగు చదవడానికి ఏ ఈ-రీడర్? తెర పనితీరు, పుస్తకం రూపం, సైజు లెక్క

క్లుప్తంగా: ఈ-రీడర్లలో వాడే ఈ-ఇంక్ తెర మీద అక్షరాన్ని నిలిపి ఉంచడానికి కరెంటు అక్కర్లేదు, మార్చడానికే కావాలి. పేజీ తిప్పగానే వచ్చే నల్లటి మెరుపు, వెనక మిగిలే నీడ, రోజుల తరబడి ఆగే బ్యాటరీ, వీడియోకు పనికిరాకపోవడం అన్నీ ఈ లక్షణం నుంచే వస్తాయి. తెలుగు పాఠకులు పరికరం పేరుకన్నా ముందు, చదవబోయే పుస్తకాలు ఏ రూపంలో దొరుకుతున్నాయో చూసుకోవాలి. యూనికోడ్ ఈపబ్‌లకు (అక్షరాల సైజు మార్చుకోగలిగే ఈ-పుస్తక ఫైళ్లకు) 6 అంగుళాల తెర చాలు. స్కాన్ చేసిన పాత పుస్తకాలకు 7.8 అంగుళాలు, ఆపైన కావాలి. వత్తులు సరిగా కలుస్తున్నాయో లేదో వాపసు గడువు లోపలే పరీక్షించుకోవాలి.

ఈ-రీడర్ కొనాలనుకునేవారికి ఎదురయ్యే సమాచారంలో ఎక్కువ భాగం ఇంగ్లిష్ పుస్తకాలను దృష్టిలో పెట్టుకుని రాసినదే. ఎన్ని గిగాబైట్ల నిల్వ, ఎంత పెద్ద స్టోరు, ఎన్ని వారాల బ్యాటరీ అన్నవే అందులో కొలమానాలు. ఆ లెక్కన కొన్న పరికరంలో తెలుగు పుస్తకం తెరిచేసరికి అక్షరాలు డబ్బాలుగా కనిపించడం, స్కాన్ పుస్తకం చీమ తలకాయల్లా తేలడం మామూలైపోయింది. ఈ ఇబ్బందులకు కారణం కొంత తెరలో, కొంత సాఫ్ట్‌వేర్‌లో, మిగతాది ఫైల్లోనే ఉంటుంది. ఏది ఎక్కడిదో విడదీసి చూస్తే ఎంపిక తేలికవుతుంది.

నూనెలో ఈదే రంగు రేణువులు

ఫోను తెర తనంతట తాను వెలుగుతుంది. ఈ-ఇంక్ తెర కాగితంలాగే, మీద పడిన వెలుతురును తిప్పికొడుతుంది. పారదర్శకమైన నూనెలాంటి ద్రవం నింపిన సూక్ష్మ గుళికలు పొరగా పరిచి ఉంటాయి. ఒక్కో గుళిక వ్యాసం ఇంచుమించు తల వెంట్రుక మందం. అందులో తెల్ల రేణువులు, నల్ల రేణువులు కలిసి తేలుతుంటాయి. తెల్లదనానికి వాడేది టైటానియం డయాక్సైడ్, గోడలకు వేసే తెల్ల పెయింటులో ఉండేదే. రెండు రంగుల రేణువులకు పరస్పరం వ్యతిరేకమైన విద్యుదావేశం ఉంటుంది. గుళికల పొర కింద పిక్సెల్‌కు ఒకటి చొప్పున ట్రాన్సిస్టర్లు, పైన పారదర్శకమైన ఎలక్ట్రోడు. కింది నుంచి సుమారు 15 వోల్టులు ఒక దిశలో ఇస్తే నల్లవి పైకి తేలతాయి, దిశ మారిస్తే తెల్లవి తేలతాయి. కరెంటు తీసేస్తే రేణువులు ఉన్నచోటే ఉండిపోతాయి. అందుకే బ్యాటరీ పూర్తిగా అయిపోయిన ఈ-రీడర్ మీద కూడా చివరి బొమ్మ అలాగే నిలిచి ఉంటుంది.

300 పీపీఐ, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లు ఉన్న తెరలో ఒక పిక్సెల్ వెడల్పు 0.085 మిల్లీమీటర్లు. అంటే గుళిక, పిక్సెల్ దాదాపు ఒకే పరిమాణం. అయినా గుళికలను పిక్సెళ్లతో వరస కలిపి పేర్చరు, ఆ అవసరమూ లేదు. ఒకే గుళికలో ఒక సగం నల్లగా, మరో సగం తెల్లగా ఉండగలదు. అచ్చులో సిరా కాగితపు నారల్లోకి కాస్త పాకినట్టు అక్షరపు అంచులు మెత్తగా కనిపించడానికి ఇదొక కారణం.

కాగితం మీద కరెంటుతో రాయాలన్న ఆలోచన 1970ల్లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో మొదలైంది. అక్కడ నిక్ షెరిడాన్ రూపొందించిన పద్ధతిలో సగం నలుపు, సగం తెలుపు ఉన్న చిన్న బంతులు తిరిగేవి. నేటి గుళికల పద్ధతి ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పుట్టింది. 1997లో ఈ ఇంక్ కార్పొరేషన్ ఏర్పడింది, 2009లో తైవాన్‌కు చెందిన ప్రైమ్ వ్యూ ఇంటర్నేషనల్ దాన్ని కొని తన పేరునే ఈ ఇంక్ హోల్డింగ్స్‌గా మార్చుకుంది. ఈ తెరతో తొలి ఈ-రీడర్ సోనీ లిబ్రియే 2004లో జపాన్‌లో వచ్చింది, అమెజాన్ కిండిల్ 2007 నవంబరులో. పెట్టె మీద ఏ బ్రాండు పేరున్నా, మార్కెట్లో ఉన్న పేరున్న ఈ-రీడర్లలో ఇంచుమించు అన్నిటి తెరా ఈ ఒక్క కంపెనీదే. అందుకే రెండు బ్రాండ్ల మధ్య తెర నాణ్యతలో తేడా ప్రకటనల్లో చెప్పినంత ఉండదు. ఏ తరం తెర అన్నదే ముఖ్యం: 2010లో పెర్ల్, 2013లో కార్టా, 2021లో కార్టా 1200, ఆ తర్వాత కార్టా 1300.

మెరుపు, నీడ ఎందుకొస్తాయి

పేజీ తిప్పినప్పుడు తెర ఒక్కసారి నల్లబడి, తెల్లబడి, ఆ తర్వాత కొత్త పేజీ రావడం చాలామందిని కంగారుపెడుతుంది. అది చెడిపోయిన లక్షణం కాదు. రేణువు ఎక్కడుందో చూసే కన్ను తెరలో లేదు. కంట్రోలర్‌కు తెలిసింది పాత పేజీలో ఆ పిక్సెల్ ఏ ఛాయలో ఉండేదో, కొత్త పేజీలో ఏ ఛాయలో ఉండాలో అంతే. ఛాయలు 16. ఏ ఛాయ నుంచి ఏ ఛాయకైనా మారవచ్చు కనుక 256 రకాల మార్పులు. ఒక్కో మార్పుకు ఎన్ని వోల్టులు, ఎంతసేపు, ఏ దిశలో ఇవ్వాలో ముందే రాసిపెట్టిన పట్టిక ఉంటుంది. దాన్ని వేవ్‌ఫామ్ అంటారు. ఆ పట్టిక ప్రకారం తోసిన ప్రతిసారీ కొన్ని రేణువులు గమ్యానికి అటో ఇటో ఆగిపోతాయి. ఆ చిన్న తప్పులు పేజీ పేజీకి పేరుకుంటే పాత అక్షరాలు కొత్త పేజీ వెనక లేతగా కనిపిస్తాయి. ఈ నీడనే ఘోస్టింగ్ అంటారు. నల్లటి మెరుపు చేసే పని రేణువులన్నిటినీ ఒక చివరికి, మళ్లీ మరో చివరికి తోసి, లెక్కను మొదటి నుంచి మొదలుపెట్టడం.

16 ఛాయలతో పూర్తి రిఫ్రెష్‌కు అర సెకను దాకా పడుతుంది. నలుపు, తెలుపు మాత్రమే వాడే వేగవంతమైన పద్ధతికి సుమారు 120 మిల్లీసెకన్లు చాలు, కానీ నీడ ఎక్కువ మిగులుతుంది. స్క్రోల్ చేస్తున్నప్పుడు అక్షరాలు మొద్దుబారినట్టు కనిపించేది ఇందుకే. సెట్టింగులలో ఎన్ని పేజీలకోసారి పూర్తి రిఫ్రెష్ జరగాలో ఎంచుకునే వీలు చాలా పరికరాల్లో ఉంటుంది. నవలలకు అధ్యాయానికోసారి చాలు. స్కాన్ పీడీఎఫ్‌లకు మాత్రం ప్రతి పేజీకి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే స్కాన్ పేజీలో బూడిదరంగు మచ్చలు ఎక్కువ, నీడ వాటితో కలిసి పేజీని మురికిగా చూపిస్తుంది.

ఈ పట్టిక ఉష్ణోగ్రతను బట్టి కూడా మారుతుంది. చలికి ద్రవం చిక్కబడుతుంది, రేణువులు నెమ్మదిస్తాయి. తెరకు ఆనుకుని ఉన్న సెన్సర్ ఉష్ణోగ్రతను చూసి తగిన పట్టికను ఎంచుతుంది. షికాగో చలికాలంలో రాత్రంతా కారులో వదిలేసిన ఈ-రీడర్ పొద్దున్నే నత్తనడక నడుస్తూ మసక పేజీలు చూపిస్తే, గది వేడికి వచ్చేదాకా ఆగడమే మందు. ఎండ సంగతి వేరు. కిండిల్ సూచనల ప్రకారం వాడుకకు 0 నుంచి 35 డిగ్రీలు, నిల్వకు గరిష్ఠంగా 45 డిగ్రీల సెల్సియస్. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో నీడలోనే పాదరసం ఆ అంకెకు చేరువవుతుంది, మూసిన కారు లోపల ఇంకా పైకి పోతుంది. తెర తట్టుకున్నా లిథియం బ్యాటరీ అలాంటి వేడికి త్వరగా ముసలిదవుతుంది.

బ్యాటరీ వారాల వెనక గంటలు

"ఆరు వారాల బ్యాటరీ" అన్న మాట కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది. కిండిల్ బేసిక్ మోడల్ విషయంలో ఆ షరతు ఇదీ: రోజుకు అర గంట చదవడం, వైర్‌లెస్ ఆపి ఉంచడం, వెలుతురు 13వ మెట్టులో పెట్టడం. ఆరు వారాలంటే 42 రోజులు, రోజుకు అర గంట చొప్పున 21 గంటలు. 2024 కిండిల్ పేపర్‌వైట్‌కు చెప్పే 12 వారాలు ఇదే లెక్కన 42 గంటలు. రోజూ రెండు గంటలు చదివేవారికి మొదటిది పది రోజులు, రెండోది మూడు వారాలు వస్తుంది. ఇదీ మంచి అంకే, కానీ పోల్చి చూడాల్సింది గంటలను, వారాలను కాదు.

ఖర్చులో పెద్ద వాటా తెర మీద వెలుతురు పరిచే ఫ్రంట్‌లైట్‌ది, వైఫైది. కొత్త పరికరంలో ఒకేసారి వంద పుస్తకాలు ఎక్కిస్తే ఒకటి రెండు రోజుల్లోనే ఛార్జింగ్ దిగిపోవచ్చు. లోపల వెతుకులాట కోసం ఒక్కో పుస్తకాన్ని ఇండెక్స్ చేస్తుండటం దీనికి కారణం. వారం తర్వాత కూడా అలాగే ఉంటే ఏదో ఒక పాడైన ఫైలు దగ్గర ఇండెక్సింగ్ ఇరుక్కుందని అనుమానించాలి. ఇటీవల ఎక్కించిన ఫైళ్లను సగం సగం చొప్పున తీసి చూస్తే దొంగ దొరుకుతుంది.

ముందు నుంచి పడే వెలుతురు

ఫోనులో, టాబ్లెట్‌లో దీపం వెనక ఉండి కంటివైపు చూస్తుంది. ఈ-రీడర్‌లో ఎల్‌ఈడీలు తెర అంచున ఉంటాయి. తెర మీద పరిచిన పలచటి పారదర్శక పొర ఆ వెలుతురును పక్క నుంచి తీసుకుని, సిరా మీదికి దించుతుంది. అక్కడ తగిలి తిరిగొచ్చేదే కంటికి చేరుతుంది. ఎండలో ఈ దీపంతో పనే లేదు, వెలుతురు పెరిగేకొద్దీ పేజీ ఇంకా స్పష్టమవుతుంది.

అయితే ఈ-ఇంక్ తెల్లదనం కాగితపు తెల్లదనం కాదు. మంచి ఆఫీసు కాగితం తన మీద పడ్డ వెలుతురులో 80 శాతం పైగా తిప్పికొడితే, కార్టా తెర తిప్పికొట్టేది 40 శాతం పైచిలుకు. ట్యూబులైటు కింద పేజీ కాస్త బూడిదగా అనిపించి, పగలు కూడా దీపం కొద్దిగా వెలిగించుకోవాల్సి రావడం ఇందువల్లే. వెచ్చని కాంతి సౌకర్యం అంటే తెల్ల ఎల్‌ఈడీల పక్కన పసుపు ఎల్‌ఈడీలు కూడా ఉండటం. రాత్రి పడుకునే ముందు చదివేవారికి అది హాయిగా ఉంటుంది. 2024 కిండిల్ బేసిక్‌లో అది లేదు, పేపర్‌వైట్‌లో, కోబో కంపెనీ క్లారాలో ఉంది. కళ్ల ఆరోగ్యం గురించి ఇంతకుమించి హామీ ఆశించకూడదు. తెర చూస్తున్నప్పుడు రెప్పపాటు తగ్గడమే కళ్లు అలసిపోవడానికి ముఖ్య కారణమని కంటి వైద్యులు చెబుతారు, ఏకధాటిగా చదివితే ఈ-రీడర్ మీద కూడా అది తగ్గుతుంది.

ద, ధల మధ్య ఎన్ని పిక్సెళ్లు?

తెలుగుకు పీపీఐ ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ద, ధ చాలు. రెండిటికీ తేడా కింద ఉండే చిన్న గీత. ప, ఫ మధ్యా, డ, ఢ మధ్యా అంతే. పైన గుణింతం, మధ్యన అక్షరం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద మరో వత్తు. ఇంగ్లిష్ అక్షరం తీసుకునే ఎత్తులోనే తెలుగు మూడంతస్తులు కట్టాలి.

12 పాయింట్ల అక్షరానికి 300 పీపీఐ తెర మీద నిలువునా 50 పిక్సెళ్లు దొరుకుతాయి. 800×600 పిక్సెళ్ల పాత 6 అంగుళాల తెరలో, అంటే 167 పీపీఐలో, 28 మాత్రమే. అందులో మూడో వంతు వత్తుకు పోయిందనుకుంటే మొదటిదానిలో సుమారు 17, రెండోదానిలో 9. తొమ్మిది పిక్సెళ్ల ఎత్తులో క్ష్మ లాంటి రెండు వత్తుల ముద్దను విడిగా చూపించడం కష్టం, పాఠకుడు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సి వస్తుంది. పాత పరికరం చవకగా దొరికినా, 212 పీపీఐ కన్నా తక్కువ ఉన్నది తెలుగుకు వద్దు. 6 అంగుళాల్లో 1072×1448, 7 అంగుళాల్లో 1264×1680, 7.8 అంగుళాల్లో 1404×1872 ఉంటే అది 300 పీపీఐ అని గుర్తుపెట్టుకోవచ్చు. అదే 1404×1872 పిక్సెళ్లు 10.3 అంగుళాల తెర మీద పరిస్తే 227కు పడిపోతుంది.

పుస్తకం ఏ రూపంలో ఉంది?

ఇక్కడే అసలు నిర్ణయం జరుగుతుంది. తెలుగు డిజిటల్ పుస్తకాలు మూడు రూపాల్లో దొరుకుతున్నాయి, మూడిటి అవసరాలూ వేరు.

మొదటిది యూనికోడ్ పాఠం. తెలుగు వికీసోర్స్ నుంచి ఈపబ్‌గా దింపుకునే పుస్తకాలు ఈ కోవలోవి. అక్షరం సైజు పెంచితే వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి, వెతుకులాట పనిచేస్తుంది. కానీ ఫైల్లో ఉన్న కోడు వరుసను సరైన అక్షర రూపంగా పేర్చే పని ఈ-రీడర్‌లోని షేపింగ్ ఇంజిన్ చేయాలి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం ఫైల్లో ఆరు కోడులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. వరుసలో చివర ఉన్న గుడి పేజీ మీద మొదటిదైన స నెత్తిన కూర్చోవాలి, త కిందికి దిగాలి, ర క్రావడిగా మారాలి. ఇది తెలియని ఇంజిన్ వాటిని పక్కపక్కనే వదిలేస్తుంది.

కొన్న మొదటి రోజే ఒక చిన్న ఫైల్లో స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, కర్తృత్వం, సాఫ్ట్‌వేర్ అన్న మాటలు రాసి, ఈపబ్‌గా మార్చి, పరికరంలో తెరిచి చూడాలి. కనిపించేదాన్ని బట్టి జబ్బు తేలుతుంది. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తే ఫాంటు లేదు. కిండిల్‌లోనూ కోబోలోనూ కంప్యూటర్‌కు కలిపి "ఫాంట్స్" అనే ఫోల్డరులో మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఉచిత ఫాంటు వేస్తే సరిపోతుంది. పుస్తకంలోనే ఫాంటు ఇమడ్చాలంటే క్యాలిబర్ అనే ఉచిత కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో ఈపబ్ మార్చేటప్పుడు ఆ వీలుంది. పొల్లులు విడివిడిగా "స్ త్ రీ" అని కనిపిస్తే షేపింగ్ లేదు. దీనికి ఎన్ని ఫాంట్లు మార్చినా ప్రయోజనం ఉండదు, ఫైలు ఫార్మాట్ గానీ చదివే యాప్ గానీ మార్చాలి. ఒకే కోబోలో మామూలు ఈపబ్‌కు ఒక ఇంజిన్, కోబో సొంత రూపమైన కెపబ్‌కు మరో ఇంజిన్ పనిచేస్తాయి కనుక రెండు విధాలా వేసి చూడాలి. సాఫ్ట్‌వేర్ అన్న మాట మధ్యలో మాత్రమే డబ్బా వస్తే, 'ట్'కూ 'వే'కూ మధ్య ఉండే కనబడని విడదీసే గుర్తుకు ఆ ఫాంటులో చోటు లేదని అర్థం. ఫాంటు మారిస్తే పోతుంది. అక్షరాలన్నీ బాగుండి వత్తుల అడుగులు తెగితే పంక్తుల ఎడం పెంచాలి. తెలుగుకు 1.4 రెట్ల దగ్గర మొదలుపెట్టడం మంచిది. సంధి మాటలు పొడవు కాబట్టి 6 అంగుళాల తెర మీద రెండు అంచులూ సమంగా పెడితే మాటల మధ్య గుంటలు పడతాయి, ఎడమ అంచు సమం చేస్తే చాలు.

రెండో రూపం స్కాన్ పీడీఎఫ్. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ అయిన వేల తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ ఆ పథకంలో ముఖ్య కేంద్రాల్లో ఒకటి. పాత సాహిత్యం చదవాలనుకునేవారికి ఇది పెద్ద నిధి, మళ్లీ అచ్చు కాని పుస్తకాలెన్నో అక్కడే దొరుకుతాయి. ప్రతి పేజీ ఒక ఫొటో కనుక ఫాంటు, షేపింగ్ సమస్యలు ఉండవు. సమస్య సైజుది, బరువుది. ఆ పుస్తకాల పక్కనే యంత్రం తయారుచేసిన ఈపబ్ కూడా కనిపిస్తుంటుంది కానీ అందులోని తెలుగు తప్పులమయం, పీడీఎఫ్‌నే తీసుకోవాలి.

మూడోది అను ఫాంట్ల వంటి పాత డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్. చూడటానికి చక్కగా ఉంటుంది. ఈపబ్‌గా మార్చగానే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గందరగోళం అవుతుంది. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ కోడుల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకున్నాయి, ఫాంటు తీసేస్తే మిగిలేది ఆ కోడులే. ఇలాంటి ఫైలును మార్చే ప్రయత్నం మాని, స్కాన్ పుస్తకంలాగే బొమ్మగా చదవడం మేలు.

సైజు లెక్క

డెమీ సైజు తెలుగు పుస్తకం వెడల్పు సుమారు 14 సెంటీమీటర్లు, ఎత్తు 21.5. మార్జిన్లు కత్తిరిస్తే అక్షరాలున్న భాగం ఇంచుమించు 11×17.5. ఇది పూర్తిగా తెర మీద పట్టాలంటే ఎంత కుదించాలి? 6 అంగుళాల తెర ఎత్తు 12.2 సెంటీమీటర్లు కనుక 70 శాతానికి. పుస్తకంలో 12 పాయింట్లున్న అక్షరం 8.4కు దిగుతుంది. 7 అంగుళాల్లో 81 శాతం, 7.8లో 90 శాతం, 10.3లో కుదింపే అక్కర్లేదు. నలభై దాటిన కళ్లకు 81 శాతం కూడా ఇబ్బందే. అందుకే స్కాన్ పుస్తకాలే ప్రధానమైనవారికి 7.8 అంగుళాలను కనీసంగా చెప్పాల్సి వస్తోంది. ఏ4 పత్రాలు, పరిశోధన వ్యాసాలు చదివేవారికి 10.3 అంగుళాల మీద మార్జిన్లు తీసేసినా 80 శాతమే దక్కుతుంది.

చిన్న తెర ఇప్పటికే చేతిలో ఉంటే రెండు దారులు. పరికరాన్ని అడ్డంగా తిప్పి ఒక్కో పేజీని రెండు ముక్కలుగా చదవడం మొదటిది. కేఓరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడటం రెండోది. అది మార్జిన్లను దానంతట అదే కత్తిరిస్తుంది, వెలిసిపోయిన స్కాన్‌కు నలుపు పెంచుతుంది, ఫొటో పేజీలోని మాటలను ముక్కలుగా కోసి తెర వెడల్పుకు మళ్లీ పేర్చగలదు. ఈ చివరి పని తెలుగుతో జాగ్రత్తగా చూసుకోవాలి. అక్షరానికీ వత్తుకూ మధ్య ఉన్న సన్నని తెల్లటి ఖాళీని పంక్తుల మధ్య ఎడంగా పొరబడితే వత్తులు తెగి కింది వరుసలో పడతాయి. నాలుగైదు పేజీలు చూశాకే మొత్తం పుస్తకానికి వాడాలి.

రంగు తెర అవసరమా

రంగు ఈ-రీడర్లలో ఎక్కువవాటిలో ఉన్నది కలైడో 3 తెర. నలుపు-తెలుపు సిరా మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గడుల జల్లెడ అద్దితే కలైడో. అక్షరాలకు 300 పీపీఐ ఉన్నా రంగుకు 150 మాత్రమే, రంగులు 4096. జల్లెడ వెలుతురును మింగేయడం వల్ల తెల్ల పేజీ మరింత బూడిదవుతుంది, దగ్గర్నుంచి చూస్తే సన్నని గరుకు కనిపిస్తుంది, దీపం ఎక్కువ వెలిగించాలి, బ్యాటరీ త్వరగా దిగుతుంది. నాలుగు రంగుల రేణువులనే వాడే గ్యాలరీ 3లో జల్లెడ లేదు, రంగు బాగుంటుంది, కానీ అత్యుత్తమ రంగుకు పేజీకి ఒకటిన్నర సెకన్లు పడుతుంది. వచనం చదివేవారికి నలుపు-తెలుపు తెరే స్పష్టం. బడి పాఠ్యపుస్తకాల రంగు పీడీఎఫ్‌లకు టాబ్లెట్టే తగినది.

కిండిల్, కోబో, ఆండ్రాయిడ్

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు ప్రవేశపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి తమిళ మిత్రుల అనుభవాన్ని చూసి కిండిల్ కొనడం తెలుగు పాఠకులకు సరైన కొలత కాదు. సొంత ఫైళ్లు చదవడానికి మాత్రం అది పనికొస్తుంది. ఫైళ్లను పరికరానికి పంపే సెండ్ టు కిండిల్ సేవ ఈపబ్‌ను తీసుకుంటుంది. వెబ్ ద్వారా పంపే ఫైలు 200 మెగాబైట్లు దాటకూడదు, పెద్ద స్కాన్లను కేబుల్‌తో ఎక్కించాలి. 2024 మోడళ్లు కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్‌లా కనిపించవు, మ్యాక్ వాడేవారికి దీనికోసం విడిగా యాప్ కావాలి. స్టోరులో కొన్న పుస్తకాలను కంప్యూటర్‌లోకి దింపుకునే వీలును అమెజాన్ 2025 ఫిబ్రవరి 26తో ఆపేసింది, సొంత ఫైళ్లకు ఆ ఆంక్ష లేదు.

కోబో, పాకెట్‌బుక్ పరికరాలు ఈపబ్‌ను నేరుగా చదువుతాయి, కేఓరీడర్‌ను తాళాలు పగలగొట్టకుండానే వేసుకోవచ్చు. కిండిల్‌లో అదే పనికి జైల్‌బ్రేక్ కావాలి, అది సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను బట్టి కుదరకపోవచ్చు. గ్రంథాలయ పుస్తకాల విషయంలో ఊరు మారితే లెక్క మారుతుంది. అమెరికాలోని తెలుగువారు లిబ్బీ అనే గ్రంథాలయ యాప్ ద్వారా తీసుకున్న పుస్తకాన్ని కిండిల్‌కు పంపుకోగలరు, ఈ సౌకర్యం అమెరికా గ్రంథాలయాలకే పరిమితం. ఇతర దేశాల్లో, లిబ్బీని నడిపే ఓవర్‌డ్రైవ్ సేవ ఉన్న గ్రంథాలయాలకు కోబో నప్పుతుంది.

బూక్స్ లాంటి ఆండ్రాయిడ్ ఈ-రీడర్లలో తెలుగు షేపింగ్ ఫోనులో ఉన్నట్టే ఉంటుంది, నచ్చిన యాప్ వేసుకోవచ్చు. స్టోరు యాప్‌లలో కొన్న పుస్తకాలు, స్కాన్లు, యూనికోడ్ ఫైళ్లు అన్నీ కలగలిపి చదివే తెలుగు పాఠకులకు 7.8 అంగుళాల ఆండ్రాయిడ్ పరికరమే అన్నిటికన్నా తక్కువ తలనొప్పి. బ్యాటరీ మాత్రం మిగతావాటికన్నా తక్కువ వస్తుంది.

పగిలేది లోపలి గాజు

చాలా ఈ-రీడర్లలో ట్రాన్సిస్టర్ల పొర పలచటి గాజు మీద ఉంటుంది. సంచిలో టిఫిన్ బాక్సు పక్కన నొక్కుకుంటే పైన గీత కూడా పడకుండా ఆ గాజు విరుగుతుంది. అప్పుడు తెరలో కొంత మేర పేజీ మారదు, పాత బొమ్మ ముక్కలు, నిలువు అడ్డ చారలు శాశ్వతంగా నిలిచిపోతాయి. వేలితో తోసినా, రీసెట్ చేసినా పోవు. ప్యానెల్ మార్పిడి ఖర్చు కొత్త పరికరం ధరకు దగ్గరగా పోతుంది కాబట్టి గట్టి అట్ట ఉన్న కవరు మొదటి రోజే కొనాలి. విదేశం నుంచి తెప్పించుకుంటే వారంటీ ఏ దేశంలో చెల్లుతుందో ముందే చూసుకోవాలి.

పెట్టె విప్పిన రోజు రాత్రి దీపాలార్పి, వెలుతురు సగం మెట్టులో పెట్టి ఖాళీ తెల్ల పేజీ తెరవాలి. అడుగు అంచున ఎల్‌ఈడీల దగ్గర చిన్న నీడలు సహజం. ఒక పక్క పచ్చగా, మరో పక్క నీలంగా కనిపిస్తే, లేదా తెర మధ్యలో మెరిసే చుక్క ఉంటే మార్పిడి అడగాలి. తర్వాత పూర్తి నల్ల బొమ్మ ఒకటి తెరిచి, మారకుండా తెల్లగా మిగిలిన పిక్సెళ్లు ఉన్నాయేమో చూడాలి. పాత పరికరం ఎవరి దగ్గరైనా కొంటుంటే ఈ రెండిటితో పాటు, అమ్మేవారి ఖాతా నుంచి దాన్ని వాళ్ల ఎదుటే తొలగించుకోవాలి. ఆ పని జరగకపోతే కొత్త ఖాతాతో నమోదు కాకపోవచ్చు.